రసీదు మీద రెండు మాటలు: ఇంధన విడిభాగాల వర్తకులకు ఖరీదైన అలవాటు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో గాని, సికింద్రాబాదు రాణీగంజ్‌లో గాని పొద్దుగూకే వేళ లారీ ఆఫీసు బల్ల ముందు కాసేపు నిలబడితే ఒక సంగతి కనిపిస్తుంది. వచ్చినది నాజిళ్ల పెట్టె అయినా, డీజిలు పంపు అయినా, లారీ టాంకు అయినా రసీదు మీద గుమాస్తా రాసేది ఒక్కటే: ‘మోటారు పార్టులు’. పంపేవారికి తొందర, రాసేవారికి తొందర, లారీ రాత్రికి బయలుదేరాలి. సరుకు క్షేమంగా చేరినంత కాలం ఈ రెండు మాటలతో ఎవరికీ పేచీ లేదు. పెట్టె కనిపించకుండా పోయిన నాడు, పంపు కారి పక్కనున్న బట్టల బేలు తడిసిన నాడు, తనిఖీ అధికారి దారిలో లారీ ఆపిన నాడు మాత్రం లెక్క అంతా ఆ రెండు మాటల దగ్గరకే వచ్చి ఆగుతున్నది.

మోటారు విడిభాగాలన్నింటిలోను ఇంధన వ్యవస్థకు సంబంధించినవి రవాణాకు చిక్కైన సరుకు. కమాను పట్టీలు, బ్రేకు డ్రమ్ములు ఎలా వేసినా పాడయ్యేది కొద్దే. ఇంధన భాగాల సంగతి అలా కాదు. అరచేతిలో ఇమిడే ఇంజెక్టరు ఖరీదు వేలల్లో వుంటుంది. ఒక మనిషి ఎత్తగల టాంకు లారీలో ఒక మూల అంతా ఆక్రమిస్తుంది. బండి నుంచి విప్పిన పంపులో ఎంతో కొంత ఇంధనం మిగిలే వుంటుంది. ఒకే ఇంజనుకు ఒకే పెట్టెలో పోయే నాలుగు వస్తువులకు పన్ను పట్టికలో నాలుగు అధ్యాయాలు కావలసి వస్తాయి. ఇన్ని తేడాలున్న సరుకును ఒకే పేరుతో బుక్ చేయడమే పేచీలన్నింటికీ మొదలు.

కిరాయికి పదింతలు

రోడ్డు రవాణా సంస్థల బాధ్యతను నిర్ణయించే చట్టం 1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో 2007లో వచ్చింది. 2011 మార్చి 1 నుంచి అమలులో వున్నది. ఈ చట్టం కింద 2011లో చేసిన నిబంధనల ప్రకారం, సరుకు పోయినా పాడైనా రవాణా సంస్థ ఇచ్చుకోవలసిన పరిహారం కిరాయికి పదింతలకు మించదు. అది కూడా పంపినవారు ఫార్వర్డింగ్ నోటులో చూపిన విలువకు లోబడే వుంటుంది. అంతకుమించి కావాలంటే, బుకింగు సమయంలోనే అధిక రిస్కు రేటు చెల్లిస్తామని పంపేవారు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఈ పదింతల సూత్రం ఇనుప సామాను వర్తకుడిని అంతగా బాధించదు. బరువును బట్టి కిరాయి, కిరాయిని బట్టి పరిహారం, మొత్తం మీద కొంత అయినా చేతికి వస్తుంది. ఇంజెక్టర్ల వర్తకుడి పని వేరు. ఉదాహరణకు ఒక లారీ ఇంజనుకు కావలసిన ఆరు కామన్ రైల్ ఇంజెక్టర్ల పెట్టె విలువ రూ. 90,000 అనుకుందాం. బరువు తక్కువ కనుక కిరాయి రూ. 300 అయింది. పెట్టె దారిలో పోతే చట్టప్రకారం వచ్చేది రూ. 3,000. మిగిలిన రూ. 87,000 వర్తకుడి ఖాతాలో నష్టమే. అధిక రిస్కు రేటుకు ఎంత అడుగుతారో ఆ రోజు బల్ల దగ్గర కనుక్కుని వుంటే బేరం తేలిపోయేది. కాని ‘మోటారు పార్టులు’ అని రాసిన పెట్టెకు అధిక రిస్కు రేటు గుర్తుకు వచ్చేది ఎవరికి?

ఇదే చట్టంలో వర్తకులు అంతగా గమనించని మరో మాట వున్నది. ఫార్వర్డింగ్ నోటులోని వివరాలకు బాధ్యత పంపినవారిదే. ఆ వివరాలు తప్పయినా, అసంపూర్తిగా వున్నా, దాని వలన రవాణా సంస్థకు కలిగే నష్టాన్ని పంపినవారే భర్తీ చేయాలి. అంటే నష్టపరిహారం రెండు వైపులా నడుస్తుంది. సరుకు పోతే వచ్చేది పదింతల కిరాయి. సరుకు కారి మరొకరి సరుకు పాడైతే పోయేది ఎంతో ముందుగా చెప్పలేము.

పార్సెలు రైలులో పంపేవారిది కూడా ఇటువంటి స్థితే. విలువ ప్రకటించి, దానిపై శాతం చార్జీ చెల్లించకపోతే రైల్వే బాధ్యత మామూలు సరుకుకు కిలోకు రూ. 50 వరకే. రెండు కిలోల నాజిళ్లకు నూరు రూపాయలు!

రవాణా బీమా తీసుకున్నవారికి ఈ బెంగ కొంత తక్కువ. అయితే బీమాలోను తిరకాసు లేకపోలేదు. అన్ని రిస్కులనూ భరించే ‘ఎ’ క్లాజు పాలసీ కూడా ప్యాకింగు చాలనందువలన కలిగిన నష్టాన్ని మినహాయిస్తుంది. కనుక పాలసీ వున్నంత మాత్రాన గోనె సంచిలో వేసి పంపవచ్చునని అనుకోరాదు.

టాంకు 87, పంపు 84

ఇక వర్గీకరణ సంగతి. జి.ఎస్.టి.లో సరుకును గుర్తించేది హెచ్.ఎస్.ఎన్. నంబరు. వార్షిక టర్నోవరు రూ. 5 కోట్ల వరకు వున్న వర్తకులు సాటి వర్తకులకు ఇచ్చే బిల్లులలో నాలుగు అంకెలు, ఆ పైన వున్నవారు ఆరు అంకెలు చూపాలన్న నియమం 2021 ఏప్రిల్ 1 నుంచి వున్నది. మోటారు విడిభాగాలు అనగానే గుమాస్తా చేయి 8708 మీదికి పోతుంది. లారీ ఇంధన టాంకుకు అది సరైనదే. మిగిలిన ఇంధన భాగాలలో చాలావాటికి మాత్రం కాదు.

కారణం పట్టికలోనే వున్నది. వాహన భాగాలకు సంబంధించిన 17వ విభాగం నోట్సులో, 8401 నుంచి 8479 వరకు గల శీర్షికల కింద వచ్చే యంత్రాలు, వాటి భాగాలు వాహనానికి వాడినప్పటికీ 8708లోకి రావని స్పష్టంగా వుంది. రేడియేటరు వంటి మినహాయింపులు ఇంధన భాగాలకు వర్తించవు. కనుక డీజిలు ఇంజెక్షన్ పంపు గాని, పెట్రోలు పంపు గాని 8413 కింద పోతుంది. ఇంజెక్టరు, నాజిలు, కార్బొరేటరు ఇంజను భాగాలుగా 8409 కింద వస్తాయి. అందులో మళ్లీ పెట్రోలు ఇంజనువి 8409 91, డీజిలు ఇంజనువి 8409 99. ఇంధన ఫిల్టరు 8421. రబ్బరు గొట్టం 4009. టాంకులో ఇంధన మట్టం చూపే గేజి ఏకంగా కొలత సాధనాల 90వ అధ్యాయంలోకి, 9026కు పోతుంది.

పన్ను రేటు ఒకటే అయినప్పుడు నంబరు ఏదైతేనేమి అనే మాట 2025 సెప్టెంబరు 22 తరువాత మార్కెట్లో బలపడింది. ఆ తేదీ నుంచి మోటారు విడిభాగాల రేటు 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకు ముందు పంపుకు 28, రబ్బరు గొట్టానికి 18 అని వేరు వేరుగా వేసుకున్నవారికి లెక్క సులువైన మాట నిజమే. అయినా రెండు చిక్కులు మిగిలే వున్నవి.

మొదటిది ట్రాక్టరు టాంకు. అదే 2025 మార్పులలో ట్రాక్టరు ఇంధన టాంకు, దాని భాగాలు 18 నుంచి 5 శాతానికి వచ్చినవి. లారీ టాంకు 18లోనే వుంది. రెండూ 8708 కిందివే. పెట్టె మీద, బిల్లు మీద ‘టాంకు’ అని మాత్రమే రాస్తే అది ఏ బండిదో చెప్పేది వుండదు. ట్రాక్టరుదని 5 శాతం వేసి లారీ టాంకు పంపినా తప్పే, లారీదని 18 వేసి రైతు నుంచి ఎక్కువ రాబట్టినా తప్పే.

రెండవది ఇ-వే బిల్లు. సరుకు విలువ రూ. 50,000 దాటితే బిల్లు తప్పనిసరి. దానిలో చిన్న పొరపాట్లు జరిగినప్పుడు సరుకును నిలపకుండా స్వల్ప జరిమానాతో వదలాలని 2018 సెప్టెంబరు 14 నాటి 64వ సర్క్యులరు చెబుతున్నది. కేంద్ర పన్ను కింద రూ. 500, రాష్ట్ర పన్ను కింద రూ. 500. హెచ్.ఎస్.ఎన్. పొరపాటుకు కూడా ఈ వెసులుబాటు వుంది. అయితే రేటు సరిగా వుండాలి, నంబరులో మొదటి రెండు అంకెలు కూడా సరిగా వుండాలి. 8413కు బదులు 8409 వేస్తే మొదటి రెండు అంకెలు 84 కనుక గండం గడుస్తుంది. 8413కు బదులు 8708 వేసినవారికి ఆ ఆధారం దొరకదు. రాణీగంజ్‌లో గాని ఆటోనగర్‌లో గాని సాధారణంగా జరిగే పొరపాటు సరిగ్గా ఇదే!

తప్పు నంబరున్న ప్రతి సరుకునూ పట్టుకుంటారని కాదు. పట్టుకుని 129వ సెక్షను వర్తింపజేస్తే మాత్రం, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం యజమాని ముందుకు వచ్చినప్పటికీ చెల్లించవలసిన పెనాల్టీ పన్నుకు రెట్టింపు. లక్ష రూపాయల సరుకుపై పన్ను రూ. 18,000 అయితే పెనాల్టీ రూ. 36,000. నాలుగు రకాలకు నాలుగు వరుసలు రాసి వుంటే పట్టేది రెండు నిముషాల పని.

ఖాళీ టాంకు ఖాళీ కాదు

కొత్త సరుకుకు పేరు చాలు. వాడిన సరుకుకు పేరుతోపాటు దాని స్థితి కూడా రాయాలి. పట్నాలలోని డీజిలు పంపు రిపేరు షాపులకు ఊళ్ల నుంచి వచ్చే పంపులు చాలావరకు బండి నుంచి విప్పినవి విప్పినట్టే వస్తాయి. మార్కెట్లో ఇప్పటికీ ఏ కంపెనీది అయినా ‘మైకో పంపు’ అనడం వాడుక. మైకో 2008లోనే బాష్ అని పేరు మార్చుకున్నా వాడుక మారలేదు. ఆ పంపులను గోనె గుడ్డలో చుట్టి, పురికొసతో కట్టి, లారీ ఆఫీసులో పడేస్తారు. లోపల మిగిలిన డీజిలు దారంతా గుడ్డలోకి ఊరుతుంది.

డీజిలు అంత తేలికగా అంటుకోదనే ధీమా ఒకటి వున్నది. అగ్గిపుల్ల వేసి చూసినవారు అనే మాట అది. నిబంధనల లెక్క వేరు. మన దేశంలో అమ్మే డీజిలుకు ఫ్లాష్ పాయింటు కనీసం 35 డిగ్రీల సెంటిగ్రేడు వుండాలని ప్రమాణం. పెట్రోలియం చట్టం ప్రకారం 23 నుంచి 65 డిగ్రీల లోపు వుండేవి ‘బి’ తరగతి. అంతర్జాతీయ రవాణా నిబంధనలలో 60 డిగ్రీల వరకు వున్న ద్రవాలు మూడవ తరగతి మండే సరుకు. వేసవిలో విజయవాడలో నిలబడిన లారీ టాపు కింద 35 డిగ్రీలు దాటడం వింత కాదు.

పెట్రోలుకు ఈ చర్చే అనవసరం. దాని ఫ్లాష్ పాయింటు సున్నాకు చాలా దిగువన, మైనస్ 40 ప్రాంతంలో వుంటుంది. గాలిలో దాని ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య వున్నప్పుడు నిప్పురవ్వ తగిలితే మండుతుంది. నిండు టాంకులో గాలికి చోటు తక్కువ. వంపేసిన టాంకులో గాలి, ఆవిరి సరిపడేంత కలిసి వుంటాయి. టాంకులకు అతుకు పెట్టే వెల్డర్లు ముందుగా నీళ్లు నింపేది అందుకే. లారీ ఆఫీసులో అదే టాంకును ‘ఖాళీ’ అని రాసి, మూత లేకుండా, హమాలీలు బీడీలు కాల్చుకునే చోట నిలబెడుతున్నారు.

విమానంలో పంపే సరుకుకు ఈ విషయంలో వెసులుబాటు లేదు. మోటారు విడిభాగాలని రాసిన పెట్టెలలో ఇంధనమున్న కార్బొరేటరు, టాంకు వుండవచ్చునని ఐ.ఏ.టి.ఏ. నిబంధనలే సిబ్బందిని హెచ్చరిస్తాయి. అంటే ఆ రెండు మాటలు చూడగానే విమాన సరుకు ఆఫీసులో అనుమానం పుట్టడం వారి తప్పు కాదు. ఇంధనం మిగిలివున్న భాగాలకు యు.ఎన్. 3363 అనే నంబరు, తొమ్మిదవ తరగతి. సముద్ర రవాణాకు చెందిన ఐ.ఎం.డి.జి. కోడులోను అదే నంబరు. ఐ.ఏ.టి.ఏ. ప్యాకింగు సూచన 962లో ఇంధన వ్యవస్థ భాగాలకు ప్రత్యేకంగా చెప్పినది ఇది: సాధ్యమైనంతవరకు ఇంధనం వంపేయాలి, రంధ్రాలన్నీ గట్టిగా మూయాలి, ఇంకా మిగిలివుండగల ద్రవమంతా పీల్చుకునేంత సరంజామా చుట్టూ వేయాలి, బయటి పెట్టె ద్రవాన్ని ఆపలేనిదైతే లోపల కారని సంచి వుండాలి, పైన బలమైన పెట్టె వుండాలి.

పూర్తిగా కడిగి, ఆవిరి కూడా లేకుండా ఆరబెట్టిన భాగం ప్రమాదకర సరుకు కాదు. ఆ సంగతి కాగితం మీద స్పష్టంగా రాసివ్వవలసినది మాత్రం పంపేవారే.

ఈ అవసరం ఇటీవలి సంవత్సరాలలో పెరిగినది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చిన తరువాత కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటరు స్థానంలోకి పెట్రోలు ఇంజెక్షన్, టాంకులోపల వుండే విద్యుత్ పంపు వచ్చినవి. వారంటీ కింద వాపసు పోయే పంపు నేరుగా పెట్రోలులోంచి తీసినదే. తొందరగా చేరాలని దానిని కొరియరులో వేస్తారు. కొరియరు దానిని విమానంలో వేస్తుంది. పెట్టె విమానాశ్రయంలో ఆగిపోతుంది. వారంటీ గడువు మాత్రం ఆగదు.

లారీకి ఇంత పట్టింపు లేదని కొందరంటారు. రైలుకు వుంది. తెలియజేయకుండా ప్రమాదకర సరుకు రైలెక్కించినవారికి రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. లారీలో పంపినా 962 సూచన చెప్పినట్టు చేస్తే పోయేదేమీ లేదు. ఒక పూట బోర్లా పెట్టి వంపడం, నాలుగు బిరడాలు, ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి, గుప్పెడు రంపపు పొట్టు. అన్నీ కలిపి ఒక టీ ఖర్చు. రంపపు పొట్టు సంచికీ పెట్టెకూ నడుమ వుండాలి, సంచి లోపల కాదు. ఆ సంగతి కింద వస్తుంది.

వెంట్రుక కంటె సన్నం

నాజిలులో సూదికీ, దాని ఒరకూ నడుమ సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కామన్ రైలులో ఇంధనం 1,600 బార్లకు పైబడిన ఒత్తిడితో పోతుంది. ఈ మాట తెలిసినవారు కూడా పంపు రంధ్రాలలో పాత గుడ్డ కుక్కి పంపడం కద్దు. గుడ్డ నూలు లోపలే వుండిపోతుంది. వరిగడ్డి, రంపపు పొట్టు, చించిన వార్తాపత్రిక కూడా ఈ సరుకుకు తగవు. ఆ చివరి మాట పత్రికలో రాయడం కొంచెం కష్టమే గాని నిజం: కాగితం చెమ్మ పీల్చి ఇనుముకు అంటిస్తుంది.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. ప్రతి రంధ్రానికి ప్లాస్టిక్ బిరడా, తుప్పు పట్టకుండా ఆవిరి మందు పూసిన వి.సి.ఐ. కాగితం లేక సంచి, విడి గూళ్లున్న అట్టపెట్టె. సూదిని, ఒరను వేరు చేసి రెండు పొట్లాలు కట్టరాదు. అవి జతగా అరగదీసినవి, జత మారితే రెండూ పనికిరావు. పంపులోని ప్లంజరు, బారెలు కూడా అంతే. ఒక సంచిలో నాలుగు జతలు కలిపి పంపినవారికి మిగిలేది తూకానికి అమ్మే ఇనుము.

కామన్ రైల్ ఇంజెక్టర్లకు ఇంకొక జాగ్రత్త కావాలి. చాలా రకాలకు ఒక్కొక్క దానిపైన దాని సొంత కోడు ముద్రించి వుంటుంది. బిగించేటప్పుడు దానిని బండి కంప్యూటరుకు ఎక్కించాలి. ప్యాకింగు టేపు సరిగ్గా ఆ కోడు మీద అతికించి పంపితే, విప్పేటప్పుడు అక్షరాలు టేపుతోపాటు లేచివచ్చే ప్రమాదమున్నది. సరుకు బాగానే చేరినా మెకానిక్కు అది చేరనట్టే.

బరువైన ఇన్‌లైన్ పంపుకు అట్టపెట్టె చాలదు. పెట్టెను నేల మీద వేసినప్పుడు పంపు లోపల కదిలి, బయటకు పొడుచుకు వచ్చిన గవర్నరు లివరు వంగుతుంది, షాఫ్టు మర దెబ్బతింటుంది. కొయ్య పలక మీద పంపు కాళ్లను బోల్టులతో బిగించి, షాఫ్టుకు తొడుగు వేసి, పైన పెట్టె దించడం పాతకాలపు పద్ధతే. ఇప్పటికీ దానికి సాటి లేదు. అదే కొయ్య విదేశాలకు పోయేదైతే ఐ.ఎస్.పి.ఎం. 15 ముద్ర వుండాలి. కొయ్య నడిబొడ్డు వరకు 56 డిగ్రీల వేడిని అరగంట సేపు పట్టించారనడానికి ఆ ముద్ర గుర్తు. ఫిల్టర్లకు, గొట్టాలకు ఇంత హంగు అక్కరలేదు, వాటి మీద బరువు పెట్టకుండా వుంటే చాలు.

గాలికి కట్టే కిరాయి

టాంకు దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఎక్కువ ప్యాకింగే నష్టం. విమాన సరుకులో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటిమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణపు బరువు. అసలు బరువు, ఈ బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. కొరియర్లు సాధారణంగా 5,000తో భాగిస్తాయి. లారీ పార్సెలు సర్వీసులు ఘనపు అడుగుకు ఇన్ని కిలోలని కడతాయి. ఆ అంకె ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్కటి.

100 సెంటిమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు వున్న టాంకు అసలు బరువు 25 కిలోలు అనుకుందాం. 6,000 లెక్కన కిరాయి పడేది 60 కిలోలకు. దానికి అన్ని వైపులా ఐదేసి సెంటిమీటర్ల మెత్తతో పెద్ద పెట్టె చేయిస్తే కొలతలు 110, 70, 70 అవుతాయి. కిరాయి బరువు 90 కిలోలకు చేరుతుంది. ఐదు సెంటిమీటర్ల మెత్తకు 30 కిలోల కిరాయి! మూలలకు, మూతి గొట్టానికి, గేజి బిగించే రంధ్రానికి గట్టి అట్ట వేసి, మీద ప్లాస్టిక్ ఫిల్ము బిగించి చుడితే సొట్టా పడదు, కొలతా పెరగదు. టాంకుల వ్యాపారంలో లాభం మిగిలేది ఈ అంగుళాలలోనే.

సరుకు అందుకునే చోట జరిగే పొరపాటు ఒకటి మిగిలింది. తడిసిన పెట్టె, నలిగిన పెట్టె వచ్చినప్పుడు డెలివరీ పుస్తకంలో సంతకం పెట్టి తెచ్చుకుని, కొట్లో విప్పి చూసి, ఆ తరువాత ఫోను చేయడం రివాజు. సంతకం పక్కన పెట్టె స్థితి రాసి, వీలైతే గుమాస్తా ఎదుటే విప్పి, ఫొటో తీసుకోవాలి. నష్టపరిహారం కోరే రాతపూర్వక నోటీసు 180 రోజుల లోపల ఇవ్వాలని 2007 చట్టం చెబుతున్నది. నిర్లక్ష్యం జరిగిందని వర్తకుడు రుజువు చేయనవసరం లేదని కూడా అదే చట్టంలో వున్నది, కాని నోటీసు లేకపోతే దావాయే నిలవదు. ఆ 180 రోజులను లెక్కించేది సరుకు చేరిన తేదీ నుంచి కాదు, బుక్ చేసిన తేదీ నుంచి. మార్చి నెలాఖరు స్టాకు లెక్కలలో బయటపడే పాత నాజిళ్ల లోటుకు ఆ గడువు చాలాసార్లు అప్పటికే దాటిపోయి వుంటున్నది.